నయోమి ముసలితనం ఎవరి పూచీ? అల్లాదుర్గ్ నుంచి రూతు కథ

మన చర్చిల్లో రూతు కథ చెప్పే తీరు దాదాపు ఒక్కటే. పెండ్లి కావచ్చు, స్త్రీల మైత్రి కూటం కావచ్చు, కొత్తగా ఇంట్లోకి వచ్చిన కోడలికి నాలుగు బుద్ధిమాటలు చెప్పాల్సిన సందర్భం ఇంకేదైనా కావచ్చు. అయ్యగారు రూతు గ్రంథం తెరుస్తడు. మొగుడు చచ్చిపోయినా అత్తను ఇడిసిపెట్టని కోడలు, అత్త దేవుణ్నే తన దేవుడనుకున్న కోడలు, అత్త కడుపు నింపడానికి ఎండలో కంకులేరిన కోడలు. అందుకే దేవుడు ఆమెను దీవించినాడు. ప్రసంగం అయిపోతది. చాపల మీద కూసున్న ముసలవ్వలు కొంగుతో కండ్లొత్తుకుంటరు. కోడండ్లు తల దించుకుంటరు.

రూతు గ్రంథం నాలుగే అధ్యాయాలు. ప్రసంగం మాత్రం మొదటి అధ్యాయం దాటదు, దాటినా ఉరుకుల మీద దాటుతది. ఈ ఉరుకుడు వెనక ఒక రాజకీయం ఉందని మా అభిప్రాయం. నయోమి అనే ముసలి విధవరాలిని ఆ కథలో సాకింది ఏమిటి? కోడలి ప్రేమ ఒక్కటేనా? చేను సాకలేదా? చేనుగలవాడి మీద ధర్మశాస్త్రం పెట్టిన బాకీ సాకలేదా? బైబిలు ముసలితనం పూచీని ఇంటి మీద ఎంత పెట్టిందో పొలం మీద, కూలి మీద, సంఘం మీద కూడా అంత పెట్టింది. మన చర్చి పొలాన్ని, కూలిని వదిలేసి కోడల్ని మాత్రం గట్టిగా పట్టుకున్నది. ఈ వ్యాసంలో మేం చెప్పదలుచుకున్నది ఇదే.

ఈ కథను అల్లాదుర్గ్‌లో కూసొని చదవడానికి కారణం ఉంది. అల్లాదుర్గ్ సంగారెడ్డి నుంచి నాందేడ్ పోయే రోడ్డు మీది మండల కేంద్రం. బేతాళస్వామి జాతరకు పేరున్న ఊరు. 2016లో జిల్లాలను ముక్కలు చేసినప్పుడు మెదక్ జిల్లాలోనే మిగిలింది. అసెంబ్లీకి ఇది ఆందోల్ కిందికి వస్తది, ఎస్సీ రిజర్వుడు స్థానం. ఈ చుట్టుపక్కల పల్లెల్లో క్రైస్తవులంటే చాలా మట్టుకు మాల ఇండ్లు, మాదిగ ఇండ్లు. 19వ శతాబ్దం చివరి ఏండ్లలో వెస్లియన్ మిషన్ తరఫున మెదక్ చేరిన చార్లెస్ వాకర్ పాస్నెట్ కాలం నుంచి వాడలకు వాడలే క్రైస్తవంలోకి వచ్చినయి. ఒక్కొక్క మనిషి ఒంటరిగా మనసు మార్చుకొని రాలేదు. తాత, అవ్వ, కొడుకు, కోడలు, చంటిబిడ్డ, అందరూ ఒక్కసారే వచ్చిండ్రు. కుటుంబమే మతం మారింది. కాబట్టి ఇక్కడ విశ్వాసాన్నీ ఇంటి ప్రేమనూ విడదీసి మాట్లాడలేం.

మెదక్ పెద్ద చర్చి కట్టడం 1914లో మొదలై 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ అయింది. కరువు కాలంలో పనికి తిండి పెట్టి కట్టించిండ్రని ఊరూరా చెప్పుకుంటరు. రాళ్లు మోసినోళ్లు మెతుకు కోసం మోసిండ్రు, ఈ నేల పేరే మెతుకుసీమ. 2024 డిసెంబర్ 25కు ఆ గుడికి నూరేండ్లు నిండినయి. రాతిగుడి వయసును లెక్కపెట్టి పండుగ చేసుకోవడం మనకు వచ్చింది. ఆ రాళ్లు మోసినోళ్ల మనుమరాళ్లు ఇవాళ ఏ వాడలో, ఏ రేకుల కింద, ఎవరి చేతి కూడు తింటున్నరో లెక్కపెట్టడం మాత్రం ఇంకా రాలేదు.

మన మీద జరిగిన పరిశోధన సంగతి కూడా చూడాలి. మెదక్ డయాసిస్‌లోని వడియారం పాస్టరేటులో పి.వై. లూక్, జాన్ కార్మన్ చేసిన అధ్యయనం 1968లో పుస్తకంగా వచ్చింది. పల్లె క్రైస్తవులు, హిందూ సంస్కృతి అనేది ఆ పుస్తకం పేరు. పేరులోనే వాళ్ల ప్రశ్న ఉంది. ఈ మాల మాదిగలు ఏ మేరకు క్రైస్తవులు, ఏ మేరకు ఇంకా పాత దేవతలనే కొలుస్తున్నరు అనేది ఆ ప్రశ్న. విలువైన పుస్తకమే, మన పల్లె సంఘాల గురించి రాసేవాళ్లెవరూ దాన్ని దాటేసి పోలేరు. కానీ పోచమ్మా యేసయ్యా అనే ప్రశ్న పండితులది. వాడలో చేతకాని కాలం వచ్చిన అవ్వకు పొద్దుగూకితే ఎవరి పొయ్యి మీద గంజి కాగుతదనేది ప్రశ్న.

ఇక కథలోకి పోదాం.

రూతు కథ మొదలయ్యేది ప్రేమతో కాదు, కరువుతో. బేత్లెహేములో కరువొస్తే ఎలీమెలెకు పెండ్లాన్ని, ఇద్దరు కొడుకులను తీసుకొని మోయాబుకు వలసపోతడు. ఇది మనకు వేరేగా విడమరిచి చెప్పాల్సిన పని లేదు. ఈ నాందేడ్ రోడ్డెంట బస్సెక్కి పటాన్‌చెరు ఫ్యాక్టరీలకో, హైదరాబాద్ కట్టుబడి పనులకో, దుబాయికో పోయిన కొడుకులు ప్రతి వాడలో ఉన్నరు. నయోమి కొడుకులు వలసపోయిన చోటనే చచ్చిపోతరు. మొగుడూ చచ్చిపోతడు. మిగిలింది ముగ్గురు విధవలు. అందులో ఒకామె ముసల్ది, ఇద్దరు మోయాబు పిల్లలు. మోయాబీయులను పదో తరం దాకా కూడా సమాజంలో చేరనియ్యొద్దని ద్వితీయోపదేశకాండం ఆంక్ష పెట్టింది. అంటే రూతు పేద విధవరాలు మాత్రమే కాదు, పుట్టుక చేత వెలి. ప్రసంగాల్లో ఆమెను అన్యురాలు అంటరు. అన్యురాలు మతానికి సంబంధించిన మాట. వెలి పుట్టుకకు సంబంధించిన మాట. వాడలో చదివితే రెండో మాటే ముందు వినిపిస్తది.

తిరిగి ఊరు చేరినప్పుడు బేత్లెహేము ఆడోళ్లు నయోమిని గుర్తుపడతరు. ఆమె వాళ్లతో తనను నయోమి అని పిలవొద్దని, చేదు అనే అర్థమొచ్చే మారా అని పిలవమని అంటది. నిండుగ పోయి ఉత్త చేతులతో వచ్చిన అంటది. ఉత్త చేతులు! పక్కన రూతు నిలబడే ఉంది. ఊరు, తల్లి, దేవుడు అన్నీ వదిలి వెంట వచ్చిన మనిషి పక్కనే ఉండంగ, ముసలామె లెక్కలో ఆ మనిషి లేదు. ఇది నయోమి దుర్మార్గమని మేం అనడం లేదు. కొడుకులు చచ్చిన తల్లి నోట్లోంచి వచ్చే మాట అది. కానీ కొడుకు లేకుంటే ఇల్లు ఉత్తదే, కోడలుంటే మాత్రం ఏమున్నది అనే లెక్క మన ఇండ్లల్లో ఇవాళ్టికీ నడుస్తనే ఉంది. దుబాయి కొడుకు రెండేండ్లకొకసారి వచ్చి అత్తరుబుడ్డి, దుప్పటి ఇస్తే అవ్వ వాడంతా చూపించుకుంటది. మూడు పూటలా కాళ్లు పిసికి, పక్క మార్చి, గుడ్డలు పిండే కోడలు ఆ చూపించుకునే లెక్కలోకి రాదు. కథ రాసినోళ్లకు ఈ సంగతి తెలుసు. అందుకే చివరన ఊరి ఆడోళ్ల నోటితో ఏడుగురు కొడుకులకంటె ఈ కోడలు మేలని నయోమికి చెప్పిస్తరు. నయోమి మాత్రం ఆ మాటను ఎక్కడా తన నోటితో అనదు.

రెండో అధ్యాయం పరిగె అధ్యాయం. మా దృష్టిలో ఈ పుస్తకానికి ఇదే గుండెకాయ.

పరిగె అంటే ఏమిటో మెదక్‌లో ఎవరికీ అర్థం చెప్పక్కర్లేదు. కోత అయినంక చేన్ల రాలిన కంకులు, మడిలో మిగిలిన ఎన్నులు ఏరుకునుడు. మొన్న మొన్నటి దాకా మాల, మాదిగ వాడల ముసలోళ్లకు అదే ఆధారం. కూలికి పిలవని వయసు వచ్చినంక, నడుము వంగి నాట్లకు పనికిరాకుండా పోయినంక, వంగిన నడుముతోనే చేసే పని పరిగె ఏరుడు. దానికి తోడు కల్లం కాడ మేర ఉండేది. డప్పు కొట్టినందుకు, చెప్పులు, తొండాలు కుట్టినందుకు, వెట్టి చేసినందుకు కల్లంలో ఇంత గింజ. అది హక్కు అని కొందరు, భిక్ష అని కొందరు అంటరు. మాకైతే అది బలవంతపు వెట్టికి ముట్టే నాసిరకం కూలి. ఆ పాత కాలం బాగుండేదని చెప్పే ఉద్దేశం మాకు ఏ కోశానా లేదు. వెట్టి పోవాల్సిందే, పోయింది. కానీ వెట్టి పోయినప్పుడు మేర కూడా పోయింది. కోతమిషన్లు వచ్చినంక పరిగె కూడా పోయింది, పత్తిచేన్ల పరిగె సంగతే లేదు. కులం మాత్రం పోలేదు. చేనుకూ ముసలామెకూ మధ్యన ఉన్న ఆ పీలిక దారం తెగిపోయి, ఆమె బరువంతా ఇంటి దూలం మీద పడ్డది. ఇంటికి దూలమంటే కోడలే.

బైబిల్లో పరిగె దయాధర్మం కాదు, చట్టం. చేను అంచుల దాకా కొయ్యొద్దు, రాలినదాన్ని ఏరుకోవద్దు, మరిచిన పన కోసం వెనక్కి పోవద్దు, అది పరదేశిది, తండ్రిలేని పిల్లలది, విధవరాలిది. లేవీయకాండం, ద్వితీయోపదేశకాండం రెండూ ఇదే చెప్తయి. లేవీయకాండం 19వ అధ్యాయాన్ని మన చదువరులు ఒక్కసారి తీరికగా చూడాలి. తల నెరిసినోళ్ల ముందు లేచి నిలబడాలని, ముసలోళ్లను గౌరవించాలని చెప్పే వాక్యం ఆ అధ్యాయంలోనే ఉంది. మన చర్చిల్లో అది అందరికీ నోటికి వచ్చు. అదే అధ్యాయంలో దానికంటే ముందు పరిగె చట్టం ఉంది. కూలోడి కూలిని తెల్లారేదాకా నీ దగ్గర పెట్టుకోవద్దనే చట్టమూ ఉంది. తల్లిదండ్రుల మాట వచ్చిన చోట తల్లిని ముందు చెప్పి తండ్రిని తర్వాత చెప్పిన అధ్యాయం అది. పరిగె, కూలి, ముసలోళ్ల గౌరవం ఒక్క అధ్యాయంలో అల్లుకొని ఉన్నయి. కూలి ఎగ్గొట్టే ఊర్లో ముసలోళ్ల గౌరవం నిలబడదని రాసినోళ్లకు ఎరుకే. ఆ అల్లికలోంచి గౌరవం అనే ఒక్క పోగును గుంజి కోడలి మెడకు కట్టినోళ్లం మనం.

రూతు ఏరిన యవలను దుల్లగొడితే తూమెడంత అయినయి. మధ్యాహ్నం కోతకూలీల పక్కన కూసొని పేలాలు తిని, కడుపు నిండినంక మిగిల్చినవి దాచి, ఇంటికొచ్చి అత్త చేతిలో పెట్టింది. మొత్తం బైబిల్లో ప్రేమ గురించిన వాక్యాలన్నీ ఒక ఎత్తు, దాచిపెట్టుకొచ్చిన ఆ పిడికెడు పేలాలు ఒక ఎత్తు. మన తల్లులు నాట్ల కాడ పెట్టిన సద్దిలోంచి సగం కొంగున మూటగట్టుకొని ఇంటికి తెచ్చి ముసలోళ్లకో పసిపిల్లలకో పెట్టిండ్రు. ప్రేమ లేదని మమ్మల్ని ఎవరూ అనొద్దు. ఆ పేలాలు ఎక్కడివి, ఎవరి కష్టానివి, ఆ మూట ఇంకెంత పెద్దగ ఉండాల్సింది అని అడగాలనే మా పట్టు.

ఈ కథను మొత్తంగా విముక్తి కథ చేసి నెత్తిన పెట్టుకోవడం కూడా మాకు సమ్మతం కాదు. బోయజు తన పనివాళ్లకు రూతు జోలికి పోవద్దని చెప్తడు. నయోమి కూడా వేరే చేనుకు పోతే నీకు ఆపద కావచ్చని హెచ్చరిస్తది. ఈ హెచ్చరికలు ఎందుకు అవసరమైనయి? పరాయి చేనులో ఒంటరి ఆడమనిషి వంగి కంకులు ఏరుతుంటే ఏం జరుగుతదో ఊరందరికీ తెలుసు కాబట్టే. మూడో అధ్యాయంలో ఇదే అత్త కోడల్ని స్నానం చెయ్యమని, మంచి బట్ట కట్టుకోమని చెప్పి, రాత్రిపూట భూస్వామి పండుకున్న కల్లానికి పంపుతది. పాస్టర్లు ఇక్కడ కండ్లు మూసుకొని గబగబ చదివేస్తరు, లేకపోతే పవిత్ర ప్రేమ అంటరు. దొర కల్లం కాడ రాత్రి అంటే ఏమిటో తెలంగాణ మాదిగ, మాల ఆడోళ్లకు చెప్తరా! బోయజు మంచోడు కావచ్చు. ఆ రాత్రి మంచిగనే తెల్లారి ఉండవచ్చు. కానీ ముసలామె భద్రత కోసం పిన్నామె శరీరాన్ని పందెం పెట్టాల్సి వచ్చిందనేది ఆ పుటలోనే ఉంది. భూస్వామి మంచితనం మీద ఆధారపడ్డ భద్రత భద్రత కాదు. ఈ ముక్క చెప్పని ప్రసంగం కోడండ్లకు అబద్ధం చెప్తున్నట్టే.

నాలుగో అధ్యాయంలో ఊరి గవిని కాడ పెద్దమనుషులు కూసుంటరు. అప్పటిదాకా చెప్పని సంగతి ఒకటి అక్కడ బయటపడతది. నయోమికి భూమి ఉంది. ఎలీమెలెకు చెలక. బోయజు కంటె దగ్గరి పాలోడు ఒకడు భూమి అనంగనే తీసుకుంట అంటడు. దాంతోపాటు మోయాబు విధవను కూడా చేసుకోవాలనంగనే తన ఆస్తికి చేటని వెనక్కి తగ్గుతడు. అంటే నయోమి ముసలితనం తేరుకోవడానికి రూతు ప్రేమ, బోయజు మంచితనం ఎంత కారణమో ఆ చెలక ముక్క కూడా అంతే కారణం. చెలక లేని నయోమి కోసం గవిని కాడ పంచాయితీ కూసుంటుండెనా? అగ్రకులపు ముసలోడు పట్టా పాసుబుక్కు మెత్త కింద పెట్టుకొని పండుకుంటడు. కొడుకులు అటు కాకున్నా ఇటైనా తిరిగి చూస్తరు. మన అవ్వ మెత్త కింద ఏముంటది? లావుణి పట్టా ఉంటే ఉంటది. అది కూడా అప్పుల కింద, దబాయింపుల కింద ఎవరి చేతులో పడి ఉంటదో! అసైన్డు భూములు చేతులు మారొద్దని 1977లో చట్టం వచ్చినా ఆగిందేమీ లేదు. దళిత మహిళల పేర మూడెకరాలు ఇస్తమని 2014లో రాష్ట్ర ప్రభుత్వం పథకం పెట్టింది. ఆ మూడెకరాల దాకా చేరిన ఇండ్లు ఎన్నో ఈ వాడల్లో నడిచి చూసినోళ్లకు తెలుసు. ఎస్సీ సర్టిఫికెట్ లేని దళిత క్రైస్తవురాలికైతే ఆ దరఖాస్తు కాగితం మొదటి గీత కాడనే ఆగిపోతది.

ఇక్కడే 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మన ముసలోళ్ల బతుకులోకి వస్తది. హిందువులకు మాత్రమే ఎస్సీ హోదా అని రాసిన ఆ ఉత్తర్వును 1956లో సిక్కుల కోసం, 1990లో బౌద్ధుల కోసం సవరించిండ్రు. క్రైస్తవులకు, ముస్లింలకు సవరించలేదు. మన రాష్ట్రంలో దళిత క్రైస్తవులను బీసీ-సి లో పెట్టి 1 శాతం ఇచ్చి చేతులు దులుపుకున్నరు. దాని ఫలితం ఏందంటే ఒక మనిషికి రెండు పేర్లు. చర్చి రిజిస్టరులో రూతమ్మ, రేషన్ కార్డులో ఎల్లమ్మ. పింఛను ఎల్లమ్మకు వస్తది, ప్రార్థన రూతమ్మకు జరుగుతది. చివరికి బొందల గడ్డ మీది సిలువ మీద ఏ పేరు రాయాలనేది ఇంట్లో పంచాయితీ. దీన్ని మోసం అని కోర్టులూ హిందూత్వవాదులూ అంటరు. ఒక మనిషిని రెండు ముక్కలు చేసి బతకమన్నది ఎవరని మేం అడుగుతం.

పింఛను మాట ఎట్లాగూ వచ్చింది. కేంద్రం 1995 ఆగస్టు 15న వృద్ధాప్య పింఛను మొదలుపెట్టినప్పుడు దాని వాటా నెలకు 75 రూపాయలు. తర్వాత దాన్ని 200 చేసిండ్రు, 80 ఏండ్లు దాటితే 500. తెలంగాణ వచ్చినంక 2014 నవంబరులో ఆసరా పేరుతో 1000, 2019లో 2016 రూపాయలు చేసిండ్రు. ఈ పైసలు వాడలో ముసలోళ్ల మర్యాదను కొంత నిలబెట్టినయి. కాదనలేం. నెల మొదట్లో అవ్వకు ఇంట్లో ఒక మాట పెరుగుతది, మనుమనికి పది రూపాయలు ఇచ్చే చెయ్యి అయితది. కానీ 2014లో ఆసరాకు పెట్టిన వయసు 65. పదేండ్లప్పటి నుంచే కలుపు తీసి, నాట్లేసి, ఇటుకబట్టీల కాడ బరువులు మోసిన ఆడమనిషికి ముసలితనం 65 దాకా ఆగుతదా? 57కు తగ్గించడానికి ఏండ్లు పట్టింది. ఇక ఏలిముద్ర! జీవితమంతా పని చేసి వేళ్ల గీతలు అరిగిపోయినోళ్లను మిషను గుర్తుపట్టదు. పని చేసిన చేతులనే పని చేసిందానికి శిక్షించే యంత్రం.

2007లో తల్లిదండ్రుల పోషణ చట్టం వచ్చింది. కొడుకు, బిడ్డ, మనుమడు, మనుమరాలు, వీళ్ల మీద బాధ్యత పెట్టింది. నెలకు 10,000 దాకా ఇప్పించవచ్చు అన్నది. కోడలి పేరు ఆ నిర్వచనంలో లేదు. అంటే కాగితం మీద చట్టానికి తెలిసిన సంగతి మన ప్రసంగాలకు తెలియదు. అత్తను సాకాల్సిన మొదటి మనిషి ఆమె కన్న బిడ్డ, కన్న కొడుకు. మన దగ్గర కొడుకు పంపేది పైసలు, కోడలు చేసేది చాకిరి, పేరు మాత్రం కొడుకుది.

ఓర్పాను మరిచిపోవద్దు. నయోమి రెండో కోడలు. అత్త పోపొమ్మని బతిమిలాడితే ఏడ్సుకుంట, ముద్దు పెట్టుకొని, తల్లిగారింటికి మళ్లింది. మన పాస్టర్లు ఆమెను లోకం వైపు తిరిగిన దానికి గుర్తుగా చెప్తరు. పుస్తకంలో ఆమె మీద ఒక్క నింద లేదు. తల్లి ఇంటికి పొమ్మని చెప్పింది నయోమియే. ఓర్పా తల్లి కూడా ముసలిదయ్యి ఉంటది గదా! ఆమెకు గంజి పోసింది ఎవరు? ఈ ప్రశ్న ఇన్నేండ్ల ప్రసంగాల్లో ఒక్కరికీ తట్టకపోవడం వింతగనే ఉంది. ఆడపిల్లకు కన్నతల్లి ముసలితనం మీద ఏ బాధ్యతా, ఏ హక్కూ లేదనుకునే మనుధర్మం ఎంత లోపల దాకా పారిందంటే బైబిలు చదివేటప్పుడు కూడా మనువే పక్కన కూసొని పుటలు తిప్పుతున్నడు. మన వాడల్లో అసలు జరిగేది వేరు. కన్నతల్లి పడకేస్తే అల్లునితో గొడవపడి అయినా పోయి పది రోజులుండి వచ్చే బిడ్డలు ఉన్నరు. తల్లిని తన ఇంటికే తెచ్చుకున్న బిడ్డలు ఉన్నరు. వాళ్లంతా ఓర్పాలే. వాళ్ల పేరెత్తి దీవించిన ప్రసంగం మాకింకా వినబడలేదు.

కంచ ఐలయ్య 1996లో నేను హిందువు నెట్లయిత అనే వాదన తెచ్చినప్పుడు దళిత బహుజన కుటుంబం హిందూ కుటుంబం కంటె ప్రజాస్వామికమైందని చెప్పిండు. ఆ మాట మనకు బలమిచ్చింది. అందులో నిజముంది. కలిసి పని చేసే ఇంట్లో, ఆడమనిషి కూలి తెచ్చే ఇంట్లో, అత్తాకోడండ్లు ఒక్కమడిలో నాట్లేసే ఇంట్లో ఉండే చనువు పెద్ద కులాల మేడల్లో ఉండదు. కానీ పడకేసిన ముసలామె ముందు ఆ ప్రజాస్వామ్యాన్ని పరీక్షకు పెట్టి చూడాలి. కోడలు కూలికి పోవాలి, పోకుంటే పొయ్యి ఎలగదు. పోతే అవ్వ ఒంటరి. కూలి పోగొట్టుకొని ఇంటికాడ ఉన్న రోజుకు ఆమెకు ఎవరు కూలి కడతరు? అగ్రకుల ఇంట్లో ఈ పనికి మనిషిని పెట్టుకుంటరు. ఆ పెట్టుకునే మనిషి కూడా మన వాడ నుంచే పోతది. అక్కడ పరాయి ముసలామె కింద బట్టలు మార్చి, కూలి తీసుకొని, ఇంటికి వచ్చి ఉత్తపుణ్యానికి తన అత్త కింద బట్టలు మారుస్తది. దీనికి ప్రేమ అని ఒక్క మాటలో పేరు పెట్టడం సోమరితనం.

దళిత క్రైస్తవ వేదాంతం కూడా ఇక్కడ జవాబు చెప్పాలి. 1981లో బెంగుళూరు యునైటెడ్ థియలాజికల్ కాలేజీలో అరవింద్ నిర్మల్ చేసిన ప్రసంగంతో ఆ ఆలోచనకు ఊపు వచ్చింది. దేవుడు సేవకుడు, ఊడ్చేవాడు, కడిగేవాడు అన్నడు నిర్మల్. అంటరాని పనికి దేవుడి మొఖం పెట్టడం అప్పటికి గొప్ప తిరుగుబాటు. ఆ దెబ్బకు ఆలయాల మెట్లు కదిలినయి. కానీ ఇంట్లో ఊడ్చేది, కడిగేది ఎవరు? సేవ దైవగుణం అన్న మాట వేదిక మీద మగవాడి నోట విముక్తి అయితది, వంటింట్లో కోడలి చెవికి అదే సంకెల అయితది. సేవకు దైవత్వం ఇచ్చినోళ్లు సేవను పంచే సంగతి కూడా మాట్లాడాలి.

పంచే సంగతి యేసే మాట్లాడిండు. మార్కు సువార్త 7వ అధ్యాయంలో కొర్బాను గొడవ ఉంది. తల్లిదండ్రులకు ముట్టాల్సింది దేవుడికి అర్పణ అయిపోయిందని చెప్పి ఎగ్గొట్టే ఏర్పాటును పెద్దలు ఒప్పుకుంటుంటే, మీ ఆచారం కోసం దేవుడి ఆజ్ఞను కొట్టేస్తున్నరని ఆయన కోప్పడతడు. ఇవాళ పింఛను పైసల్లోంచి దశమభాగం లెక్కగట్టే సంఘాలు, కోత పండుగకు బుట్టలు నింపమని కూలి ఇండ్లకు చెప్పే సంఘాలు, ఒక్క రాత్రి సువార్త సభకు లౌడ్‌స్పీకర్ల మీద పోసే సొమ్ము, ఇవన్నీ ఆ అధ్యాయం ముందు నిలబడి మాట్లాడాలి. అపొస్తలుల కార్యముల 6వ అధ్యాయం ఇంకా సూటిగా ఉంటది. ఆదిసంఘంలో వచ్చిన తొలి పెద్ద తగాదాల్లో ఇదొకటి. రోజువారీ వడ్డనలో గ్రీకు భాష మాట్లాడే విధవలను చిన్నచూపు చూస్తున్నరని గొణుగుడు మొదలైంది. పట్టించుకోబడని ముసలోళ్లు, అది కూడా ఒక వర్గం వాళ్లు! అపొస్తలులు ఆ ఆడోళ్లకు ఓర్పు నేర్పలేదు. ఏడుగురిని ఎన్నుకొమ్మన్నరు. ఆ ఏడుగురి పేర్లూ గ్రీకు పేర్లే, అంటే అన్యాయం జరిగిన వైపు నుంచే వాళ్లు వచ్చిండ్రని చాలామంది పండితులు ఊహిస్తరు. తిమోతికి రాసిన మొదటి పత్రిక 5వ అధ్యాయంలో 60 ఏండ్లు నిండిన విధవల పట్టీ మాట వస్తది. సొంతవాళ్లున్నోళ్లను సొంతవాళ్లే చూడాలని ఆ పత్రిక గట్టిగనే అంటది, ఎవరూ లేనోళ్లను సంఘం చూడాలని కూడా అంటది. అంటే చర్చికి ఒకప్పుడు ముసలోళ్ల పట్టీ ఉండేది. మన చర్చిలో చందా పట్టీ ఉంది, కమిటీ పట్టీ ఉంది.

మిషన్ బడులు, హాస్టళ్లు లేకుంటే మనలో చాలామందిమి ఈ పత్రిక చదివేవాళ్లం కాదు, రాసేవాళ్లమూ కాదు. ఆ రుణం ఒప్పుకుంటం. ఆ బడి మొదటి తరాన్ని టీచరు చేసింది, రెండో తరాన్ని సికింద్రాబాద్‌లో అద్దె ఇంటికి, మూడో తరాన్ని ఇంకా దూరానికి పంపింది. చదివించిన తల్లి మాత్రం వాడలోనే ఉంది. ఆమె పక్కన ఉన్నది చదువురాని కొడుకు, లేదా చదువు మానిపించి పెండ్లి చేసిన బిడ్డ. రాయడం మన వంతు, సాకడం వాళ్ల వంతు అయిపోయింది. ముసలితనం గురించి దళిత మధ్యతరగతి రాసిన కవితల్లో అమ్మ మీద కన్నీరు ఉంటది. అమ్మ కాడ ఉన్న చెల్లె మీద ఒక్క పాదం కనబడదు.

జి. కల్యాణరావు 2000లో తెచ్చిన అంటరాని వసంతం నవలలో కూడా ఒక రూతు ఉంది. ముసలి రూతు. కోస్తా దళితుల తరాల కథంతా, కరువు, వలస, మతం మారడం, పాట, ఆట, చావులు, అంతా ఆమె జ్ఞాపకంలోంచి నడుస్తది. బైబిలు రూతు పరదేశి పడుచు, ఈ రూతు వాడకు చరిత్ర చెప్పే ముసలి మనిషి. ముసలామెను సాకాల్సిన భారంగా కాక, సాకుతున్న మనిషిగా, జ్ఞాపకంతో సాకుతున్న మనిషిగా నిలబెట్టడం ఆ నవల చేసిన పెద్ద పని. రాత లేని చోట చరిత్ర ముసలోళ్ల నాలుక మీదనే ఉంటది. అల్లాదుర్గ్ చుట్టుపక్కల ఏ వాడ ఏ ఏడు క్రైస్తవంలోకి వచ్చింది, మొదట బాప్తిస్మం తీసుకున్నది ఎవరు, దొర ఏం చేసిండు, ఏ బావి కాడ రానియ్యలేదు అనేది మిషన్ రిపోర్టుల్లో మిషన్ కోణంలోనే దొరుకుతది. మన కోణం 80 ఏండ్ల అవ్వ కాడ ఉంది. ఆమె పోతే పోతది. అవ్వను సాకడం దయ కాదనడానికి ఈ ఒక్క కారణం చాలు.

బైబిలు రూతుకు ఆ నాలుక దక్కలేదు. నాలుగో అధ్యాయం మొత్తంలో ఆమె ఒక్క మాట మాట్లాడదు. మగవాళ్లు గవిని కాడ మాట్లాడతరు, ఊరి ఆడోళ్లు మాట్లాడతరు. రూతు కన్న పిల్లవాడిని నయోమి ఒడిలో పెట్టుకుంటది. నయోమికి కొడుకు పుట్టిండని ఇరుగుపొరుగు ఆడోళ్లు అంటరు, ఓబేదు అని పేరు వాళ్లే పెడతరు. ముసలితనంలో ఆమెను పోషించేవాడు వచ్చిండని సంబురపడతరు. రూతు ఎటు పోయింది? ఆమెకు ముసలితనం వచ్చినప్పుడు ఎవరు సాకిండ్రో ఆ పుస్తకం చెప్పదు. వచ్చేసారి స్త్రీల మైత్రి కూటంలో అయ్యగారు రూతు గ్రంథం తెరిచినప్పుడు మొదటి అధ్యాయం కాడ ఆగనియ్యకుండా నాలుగో అధ్యాయం దాకా చదివించమని, చదివినంక అత్తలను ఒక దిక్కు, కోడండ్లను ఒక దిక్కు కాకుండా కలిపి కూసోబెట్టి ఈ ప్రశ్న అడగమని మన చదువరుల్లో చర్చికి పోయే ఆడోళ్లను కోరుతున్నం. మన చదువరుల్లో పాస్టరేటు కమిటీల్లో ఉన్న మగవాళ్లకు ఒక చిన్న పని చెప్తున్నం. మీ సంఘంలో 60 దాటినోళ్ల పట్టీ రాయండి. ప్రతి పేరు ఎదురుగ, పొద్దుగూకితే ఆ మనిషికి గంజి పోసేది ఎవరో ఆ పేరు కూడా రాయండి.